ఈఎస్ఐ నిరుద్యోగ భృతి: ఒకే మనిషికి రెండు ఇన్సూరెన్స్ నంబర్లు ఉంటే క్లెయిమ్ ఎలా?

వంశధార (గుణుపురం, రాయగడ జిల్లా)

నమస్కారమండీ. మా బావమరిది తరఫున అడుగుతున్నాను. రాయగడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద 2023 ఆగస్టు నుంచి పని చేశాడు. 2025 నవంబరు 30తో పని ఆగిపోయింది. జీతం నెలకు 13,000, అందులో ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కింద ప్రతి నెలా 98 రూపాయలు కోసేవారు. మధ్యలో 2024 అక్టోబరులో కాంట్రాక్టరు మారాడు. పని అదే, గేటు అదే, పేరు మాత్రం కొత్త కాంట్రాక్టరు లిస్టులోకి వెళ్ళింది.

జనవరిలో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన (పని పోయిన ఈఎస్ఐ కార్మికులకి భృతి ఇచ్చే పథకం) కింద ఆన్‌లైన్‌లో క్లెయిమ్ వేస్తే, చందా షరతులు పూర్తి కాలేదని తిరస్కరించారు. పోర్టల్లో చూస్తే 2024 అక్టోబరు నుంచి కట్టిన చందాలే ఉన్నాయి, ముందటి ఏడాదివి లేవు. అవి ఎక్కడికి పోయినట్టు?

ఇంకో మూడు సందేహాలు. ఇది ఆంధ్రా వాళ్ళకే గాని ఒడిశా ఆధార్ ఉన్నవాళ్ళకి రాదని ఒకాయన అంటున్నాడు, నిజమేనా? నెట్ సెంటరు వాళ్ళు 20 రూపాయల బాండ్ పేపరు మీద అఫిడవిట్ కావాలంటున్నారు, అది తప్పదా? బ్యాంకు ఖాతా పార్వతీపురంలో గ్రామీణ బ్యాంకుది, దానికి పడతాయా? అన్నీ కుదిరితే ఎంత వస్తుందో కూడా చెప్పగలరు.

నాగావళి (రాయగడ)

ముందు రాష్ట్రం గొడవ తేల్చేద్దాం. ఆ పెద్దమనిషి మనసులో ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లో 2018 అక్టోబరు 2న మొదలైన నిరుద్యోగ భృతి పథకం యువనేస్తం అయి ఉంటుంది. అది రాష్ట్ర ఖజానా సొమ్ము, స్థానికత చూసి ఇచ్చేవారు. మీరు అడిగేది ఈఎస్ఐ కార్పొరేషన్ ఇచ్చేది. కార్మికుడి జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం కలిపి కట్టిన బీమా. 13,000కి 97.50 అవుతుంది, పై రూపాయికి సర్దుతారు కాబట్టి 98. ఆ 98 కోసినవాడికి ఆధార్ ఒడిశాదా, ఆంధ్రాదా, మహారాష్ట్రదా అన్నది లెక్కలోకి రాదు. భృతి అన్న మాట ఒకటే కావడంతో మన సరిహద్దు ఊళ్ళలో చాలామంది రెండిటినీ కలిపేసి అసలు దరఖాస్తే వెయ్యకుండా ఊరుకుంటున్నారు.

ఇక పోర్టల్లో కనబడని ఏడాది చందాలు. అవి ఎక్కడికీ పోలేదు, ఇంకో నంబరు మీద ఉన్నాయి. మొదటి కాంట్రాక్టరు చేర్చినప్పుడు 10 అంకెల ఇన్సూరెన్స్ నంబరు ఒకటి పుట్టింది. కాంట్రాక్టరు మారినా మనిషికి అదే నంబరు ఉండాలి, రెండో కాంట్రాక్టరు ఆ నంబరునే తన కోడ్ కిందకి తెచ్చుకోవాలి. అలా కాకుండా 'కొత్త కార్మికుడు' అని నమోదు చేసేస్తే రెండో నంబరు పుడుతుంది. పాతదానికి ఆధార్ జతపడి లేనప్పుడు ఇలా ఎక్కువ జరుగుతుంది. ఆధార్ కొట్టినా పాత నంబరు తగలదు కదా.

దీనికి మందు రెండు నంబర్లూ కలిపించుకోవడం ఒక్కటే. కలపకుండా క్లెయిమ్ మళ్ళీ వేస్తే మళ్ళీ తిరస్కారమే. పాత నంబరు పాత ఈ-పెహచాన్ కార్డు (ఈఎస్ఐ గుర్తింపు కార్డు) మీద ఉంటుంది. కార్డు లేకపోతే 2023-24 జీతం చీటీల మీద వెతకండి. ఈఎస్ఐ బ్రాంచ్ ఆఫీసుకి ఒక దరఖాస్తు రాయాలి: రెండు నంబర్లు, రెండు కాంట్రాక్టర్ల పేర్లు, వాళ్ళ 17 అంకెల ఈఎస్ఐ కోడ్‌లు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఎవరి కింద చేశాడో. ఆధార్ నకలు, రెండు కార్డుల నకళ్ళు, రెండు వైపులా ఒక్కొక్క నెల జీతం చీటీ జతచేయాలి. తిన్నగా కౌంటరులో ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర లేని కాగితం గురించి తర్వాత అడగడానికి ఏమీ మిగలదు.

మొదటి క్లెయిమ్ తిరస్కరించారని బెంగ వద్దు. ఈ భృతి జీవితంలో ఒకసారే, మొత్తం 90 రోజులకే. డబ్బు అందితేనే అది వాడుకున్నట్టు, తిరస్కరించిన దరఖాస్తు లెక్కలోకి రాదు.

ఇప్పుడు ఎంత వస్తుందో. నాలుగు చందా కాలాల్లో ఈఎస్ఐకి చూపించిన మొత్తం సంపాదనను 730తో భాగిస్తారు. అది సగటు రోజు కూలి. అందులో సగం రోజుకు భృతి. చందా కాలం అంటే ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 ఒకటి, అక్టోబరు 1 నుంచి మార్చి 31 ఇంకొకటి. మీ వాడికి 2023 అక్టోబరు నుంచి 2025 సెప్టెంబరు దాకా నాలుగు కాలాలు, 24 నెలలు, మొత్తం 3,12,000. దాన్ని 730తో భాగిస్తే 427.40. సగం 213.70. నెలకు, అంటే 30 రోజులకు, 6,411. 90 రోజులకు 19,233.

ఇందులో కిటుకు చూడండి. నంబర్లు కలపకపోతే లెక్కలో 12 నెలల సంపాదనే, 1,56,000, ఉంటుంది. భాగించేది మాత్రం అదే 730. రోజుకు 106.85 అవుతుంది. ఒకవేళ ఎవరైనా దయతలచి షరతులు దాటించినా 9,617 దగ్గర ఆగిపోతుంది. కాబట్టి నంబర్లు కలపడం అర్హత కోసమే కాదు, సగం డబ్బు కోసం కూడా.

ప్రాణహిత (సిరోంచ, గడ్చిరోలి జిల్లా)

పైన చెప్పినదానికి ఒక మాట చేరుస్తాను. లెక్క కట్టేది చేతికిచ్చిన జీతం మీద కాదు, ఈఎస్ఐకి చూపించిన జీతం మీద. నెలంతా పనిచేయించుకుని పదిహేను రోజులకే చందా కట్టే కాంట్రాక్టర్లు మా చంద్రపూర్ వైపూ ఉన్నారు, మీ వైపూ ఉంటారు. కాబట్టి పోర్టల్లో చందా చరిత్ర తెరిచి నెలనెలా రెండు గళ్ళు చూడండి, ఎన్ని రోజులు చూపించారు, ఎంత జీతం చూపించారు. రోజుల గడి ఎందుకంటే, 2020లో సడలించిన షరతు ప్రకారం రెండేళ్ళు బీమా ఉన్న ఉద్యోగంలో ఉండాలి, పని పోవడానికి సరిగ్గా ముందున్న చందా కాలంలో కనీసం 78 రోజులు, మిగిలిన మూడు కాలాల్లో ఏదో ఒకదానిలో ఇంకో 78 రోజులు చందా పడి ఉండాలి. ఆరు నెలల్లో 78 అంటే నెలకు 13 రోజులు. నెలకు 12 చూపించి సరిపెట్టిన చోట 72 దగ్గర ఆగిపోతుంది, ఆరు రోజులకి మొత్తం పోతుంది.

సడలింపులు మధ్యమధ్య మారుతుంటాయి, పథకాన్ని కూడా గడువుల వారీగా పొడిగిస్తూ వస్తున్నారు. 2018 జూలై 1న రెండేళ్ళ ప్రయోగంగా మొదలైంది. అప్పుడు 25 శాతమే, 90 రోజులు గడిచాకే అడగాలి. 2020 మార్చి 24 నుంచి 50 శాతం చేశారు, 30 రోజులకే అడగొచ్చన్నారు. నాకు తెలిసిన చివరి పొడిగింపు 2026 జూన్ 30 వరకు. అందుకని నంబర్ల పని నానబెట్టకండి.

అఫిడవిట్ గురించి: నోటరీ చేయించి ఇవ్వడమే మంచిది. కాగితం ఎక్కువైతే నష్టం లేదు.

జయపురం లెక్కలు (కొరాపుట్ జిల్లా)

ప్రాణహిత గారూ, అఫిడవిట్ విషయంలో ఒప్పుకోను. మొదట్లో 20 రూపాయల స్టాంపు కాగితం మీద అడిగేవారు, నిజమే. 2020 నవంబరులో దాన్ని తీసేశారు. ఆన్‌లైన్ క్లెయిమ్‌తో పాటే ఆధార్, బ్యాంకు వివరాల స్కాన్ కాపీలు ఎక్కిస్తే ఇంకే కాగితం అక్కర్లేదు. ఎక్కించకపోతే మాత్రం క్లెయిమ్ ప్రింటు తీసి సంతకం పెట్టి, ఆ కాపీలతో బ్రాంచ్ ఆఫీసుకి చేర్చాలి. నెట్ సెంటరులో బాండ్ పేపరు, నోటరీ, టైపింగు అని మూడు నాలుగు వందలు గుంజుతున్నారు. పని పోయి కూర్చున్నవాడి దగ్గర అది చిన్న మొత్తం కాదు.

నేను చెప్పదలచింది వేరే. నంబర్లు కలిసినా క్లెయిమ్ ఆగిపోయే చోటు ఇంకోటుంది, కారణం కోడ్. యజమాని ప్రతి నెలా 15వ తేదీలోగా అంతకుముందు నెల చందా కడతాడు. ఆ నెల ఒక్క రోజూ పని చేయనివాడికి సున్నా రోజులు వేసి, పక్కన కారణం ఎంచుకోవాలి. 0 అంటే కారణం లేదు, 1 సెలవులో ఉన్నాడు, 2 ఉద్యోగం వదిలాడు, 3 రిటైరు, 4 కవరేజీ దాటాడు, 5 చనిపోయాడు, 8 పని నిలిపివేత, 9 సమ్మె లేదా లాకౌట్, 10 రిట్రెంచ్‌మెంట్ (యజమానే మనుషుల్ని తగ్గించడం), 11 పని లేదు. చాలామంది గుమాస్తాలు చేసే పని ఏమిటంటే, రేపు మళ్ళీ కాంట్రాక్టు వస్తుందేమోనని 0 గాని 1 గాని కొట్టి వదిలేస్తారు. అప్పుడు కంప్యూటరు దృష్టిలో మనిషి ఇంకా అదే కాంట్రాక్టరు దగ్గర సెలవులో ఉన్నాడు. సెలవులో ఉన్నవాడికి నిరుద్యోగ భృతి ఎందుకిస్తారు?

మీ కేసులో డిసెంబరు చందా జనవరి 15లోగా దాఖలై ఉంటుంది. అందులో మీ బావమరిది పేరు ఎదురుగా ఏ కోడ్ ఉంది, చివరి పనిదినం 30-11-2025 అని పడిందా అన్నది కాంట్రాక్టరు గుమాస్తాని అడగండి. పడకపోతే తర్వాతి నెల దాఖలులోనైనా సరిగ్గా వేయించండి. 2, 3, 4, 10 లాంటివి ఎంచుకుంటే చివరి పనిదినం తప్పకుండా అడుగుతుంది, 0కీ 1కీ అడగదు. అందుకే గుమాస్తాలకి ఆ రెండూ అంత ఇష్టం.

ఇంకో తిరకాసు: బకాయి ఓటీ (ఓవర్‌టైం) డబ్బులు డిసెంబరులో ఇచ్చి, వాటిని డిసెంబరు జీతంగా రెండు రోజుల పనితో చూపించినా ఆ నెల ఉద్యోగంలో ఉన్నట్టే లెక్క. క్లెయిమ్ చేసే రోజుల్లో ఏ యజమాని కోడ్ కిందా ఒక్క రోజు చందా ఉండకూడదు.

వంశధార

అందరికీ దండాలండీ. పాత కార్డు దొరికింది, నంబరు వేరేదే. మొదటి కాంట్రాక్టరు మాత్రం ఫోను ఎత్తడం లేదు. ఇంకో సంగతి చెప్పడం మరిచాను. నవంబరు ఆఖర్లో ఏదో ఒడియా కాగితం మీద సంతకం తీసుకున్నారట. అది రాజీనామా అని ఇప్పుడు తెలిసింది. దానివల్ల ఇబ్బందా?

నాగావళి (రాయగడ)

ఫోను ఎత్తకపోతే ఫ్యాక్టరీ ఆఫీసుకే వెళ్ళండి. 2023-24లో అమల్లో ఉన్న ఈఎస్ఐ చట్టం 40వ సెక్షన్ ప్రకారం కాంట్రాక్టరు మనుషుల చందాకి కూడా ప్రధాన యజమానిదే, అంటే ఫ్యాక్టరీదే, మొదటి బాధ్యత. 2023-24లో గేటు పాసు ఎవరి కింద ఇచ్చారో, ఆ కాంట్రాక్టరు ఈఎస్ఐ కోడ్ ఏమిటో వాళ్ళ రికార్డులో ఉంటుంది. లెటర్‌హెడ్ మీద రెండు వాక్యాలు చాలు: ఈ ఆధార్ గల వ్యక్తి ఫలానా తేదీల్లో ఫలానా ఇద్దరు కాంట్రాక్టర్ల కింద మా ఆవరణలో పనిచేశాడు అని.

రాజీనామా సంగతి జాగ్రత్త. తనంతట తాను పని మానేసినవాడికి, స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నవాడికి, క్రమశిక్షణ చర్య కింద తీసేసినవాడికి ఈ భృతి లేదు. పని గడువు తీరిపోయినప్పుడు కాంట్రాక్టర్లు లెక్కలు తేలిక చేసుకోవడానికి అందరి చేతా రాజీనామా రాయించుకోవడం మామూలే. ఆ ఒడియా కాగితం నకలు అడిగి తీసుకుని, ఒడియా చదవగలిగినవాళ్ళతో మాట మాటా చదివించండి. 'సొంత కారణాల వల్ల' అని ఉందా, 'కాంట్రాక్టు ముగిసినందున' అని ఉందా అన్నదే తేడా. మొదటిదైతే కాంట్రాక్టు ముగిసిందన్న రుజువు మీ చేతిలో ఉండాలి. ఒకే రోజున అదే కాంట్రాక్టరు కింద ఉన్నవాళ్ళందరి పనీ ఆగిందని ఫ్యాక్టరీ ఇచ్చే లెటరు దానికి మంచి జవాబు.

ప్రాణహిత (సిరోంచ)

అఫిడవిట్ మీద జయపురం వారి మాటే రైటు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

'రిట్రెంచ్‌మెంట్' అనే మాట చూసి ఎవరైనా రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన వెయ్యమంటారేమో, అది వేరు. 2005 ఏప్రిల్ 1 నుంచి ఉంది. ఫ్యాక్టరీ మూతపడినా, చట్టప్రకారం రిట్రెంచ్ చేసినా, ఉద్యోగంతో సంబంధం లేని గాయం వల్ల 40 శాతానికి తగ్గని శాశ్వత వైకల్యం వచ్చినా ఇచ్చేది. మొదటి 12 నెలలు 50 శాతం, తర్వాతి 12 నెలలు 25 శాతం, అంటే దీనికంటే చాలా పెద్దది. కాని నిర్ణీత కాలానికి రాసుకున్న ఉద్యోగ ఒప్పందం గడువు తీరి పని ఆగితే చట్టం దాన్ని రిట్రెంచ్‌మెంట్ అనదు. ఒకేసారి రెండూ తీసుకోవడం కుదరదు. మీవాడికి అటల్ బీమితే దారి.

జయపురం లెక్కలు

బ్యాంకు ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. పార్వతీపురం ఖాతా అయినా పడతాయి, ఖాతా ఏ రాష్ట్రంలో ఉన్నా ఇబ్బంది లేదు. ఇబ్బంది ఐఎఫ్ఎస్‌సీతో, అంటే బ్యాంకు బ్రాంచి కోడ్‌తో. 2025 మే 1న ఒక రాష్ట్రానికి ఒకే గ్రామీణ బ్యాంకు అని కలిపేశారు. ఆంధ్రలో నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. ఒడిశాలో ఉత్కల్ గ్రామీణ, ఒడిశా గ్రామ్య కలిసి ఒడిశా గ్రామీణ బ్యాంకు. మహారాష్ట్రలో విదర్భ కొంకణ్ కూడా మహారాష్ట్ర గ్రామీణ బ్యాంకులో కలిసింది. కలిశాక ఆ కోడ్ మారి ఉండొచ్చు, ఈఎస్ఐ రికార్డులో మాత్రం 2023 నాటి పాస్‌బుక్కు వివరాలే ఉంటాయి. రాయగడ, పర్లాకిమిడి, బరంపురాల్లో పాత ఆంధ్రా బ్యాంకు ఖాతాదార్లదీ ఇదే కథ, అది 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. క్లెయిమ్ మంజూరయ్యాక కూడా డబ్బు తిరిగిపోవడానికి తరచూ కారణం ఇదే. బ్రాంచికి వెళ్ళి పాస్‌బుక్కు మొదటి పేజీ కొత్తగా వేయించుకుని, ఆ వివరాలే క్లెయిమ్‌లో పెట్టండి.

తర్వాత పేరు. మనవాళ్ళు ఇంటిపేరు ముందు రాస్తారు, ఒడిశా ఆఫీసుల్లో ఇంటిపేరు చివర. 'రావు'ని ఇంటిపేరనుకుని చివర అతికించి, అసలు ఇంటిపేరుని మధ్యలోకి తోసేస్తారు. కాంట్రాక్టరేమో ఒక పొడి అక్షరంతో సరిపెడతాడు. ఆధార్, ఈఎస్ఐ, పాస్‌బుక్కు మూడింట్లో పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం ఒకేలా ఉన్నాయా చూడండి. తేడా ఉంటే ఆధార్‌ని ముట్టుకోకుండా, ఈఎస్ఐలో ఉన్నదాన్ని ఆధార్‌కి తగ్గట్టు మార్పించండి. నంబర్లు కలిపే దరఖాస్తులోనే ఇదీ రాసేస్తే ఒక్క తిరుగుడుతో పోతుంది.

వరుస ఇలా పెట్టుకోండి. ముందు నంబర్ల కలయిక, పేరు సవరణ. అది పోర్టల్లో కనబడ్డాక చందా చరిత్రలో నాలుగు కాలాలూ వచ్చాయో లేదో. తర్వాత చివరి పనిదినం. అన్నీ సరిపోయాకే క్లెయిమ్. డిసెంబరు 1 నుంచి లెక్కపెడితే 30 రోజుల విడతలు డిసెంబరు 30కి, జనవరి 29కి, ఫిబ్రవరి 28కి ముగుస్తాయి. 90 రోజులూ ఒకే దఫాలో వాడాలని లేదు, మధ్యలో పని దొరికితే ఆపి, మళ్ళీ పోతే మిగిలిన రోజులు అడగొచ్చు. పనిలో చేరాక కూడా క్లెయిమ్ చేస్తే అది తప్పుడు ప్రకటన, కేసు అవుతుంది. క్లెయిమ్ ఆన్‌లైన్‌లోనే కాదు, పోస్టులోనూ చేతికీ ఇవ్వొచ్చు. పాత యజమాని సంతకంతో పంపాలన్న పద్ధతి 2020లోనే పోయింది. అన్నీ సరిగ్గా ఉన్న క్లెయిమ్‌ని 15 రోజుల్లో తేల్చాలన్నది నియమం. అది దాటితే 1800112526కి ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి.

వంశధార

పీఎఫ్ కూడా ఉందండీ, రెండేళ్ళది. అది ఇప్పుడు తీసుకుంటే భృతికి అడ్డమా?

ప్రాణహిత (సిరోంచ)

అడ్డం కాదు. అది వాడు దాచుకున్న సొమ్ము, భృతితో పోటీ లేదు. కాని పీఎఫ్‌లో ఉద్యోగం మానిన తేదీ కూడా 30-11-2025 అనే ఉండాలి. కాంట్రాక్టరు వెయ్యకపోతే చివరి చందా పడిన రెండు నెలల తర్వాత సభ్యుడే ఆధార్ ఓటీపీతో వేసుకోవచ్చు. అక్కడ కారణం ఎంచుకునేటప్పుడు కంగారు పడకండి, ఈఎస్ఐకి చెప్పిన కారణానికి ఎదురు పడకూడదు.

మొత్తం తీసేయడానికి ఇదివరకు రెండు నెలలు ఆగితే చాలు. 2025 అక్టోబరు 13న పీఎఫ్ ట్రస్టీల బోర్డు దాన్ని 12 నెలలు, పింఛను వాటాకైతే 36 నెలలు చెయ్యాలని నిర్ణయించింది. 75 శాతం మాత్రం వెంటనే తీసుకోవచ్చు. ఫారం నింపే రోజు పోర్టలు ఏది తీసుకుంటుందో దాన్ని బట్టి నడవండి. సర్వీసు ఐదేళ్ళు నిండకుండా 50,000 దాటి తీస్తే పాన్ ఉన్నవాళ్ళకి 10 శాతం, లేనివాళ్ళకి 20 శాతం పన్ను కోస్తారు. పన్ను పడేంత ఆదాయం లేదు కనుక పన్ను కోయొద్దని రాసిచ్చే ఫారం (15జీ అనేవారు) జతచెయ్యండి. పీఎఫ్‌లో కూడా కాంట్రాక్టరు మారినప్పుడు రెండో యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) పుట్టిందేమో చూడండి. ఈఎస్ఐలో పుట్టినవాడికి అక్కడా పుట్టి ఉండే అవకాశం ఎక్కువ. పీఎఫ్ వాళ్ళు ప్రతి నెల 27న జిల్లాల్లో 'నిధి ఆప్కే నికట్' శిబిరం పెడతారు, దానికి కాగితాలతో వెళ్తే పీఎఫ్ ఆఫీసు దాకా ప్రయాణం తప్పుతుంది.

నాగావళి (రాయగడ)

వైద్యం సంగతి కూడా చూసుకోండి. ఏప్రిల్-సెప్టెంబరు చందాకి మరుసటి జనవరి నుంచి జూన్ దాకా ప్రయోజన కాలం. 2025 ఏప్రిల్-సెప్టెంబరులో 78 రోజులు పడి ఉంటే, పని పోయినా 2026 జూన్ 30 వరకు జేకేపూర్ ఈఎస్ఐ ఆస్పత్రిలో ఇంటిల్లిపాదికీ చూస్తారు. ఇంట్లో ఎవరికైనా చూపించుకోవాల్సినవి ఉంటే ఈలోపే చూపించుకోండి. కార్డు మాత్రం కొత్త నంబరుదే పట్టుకెళ్ళండి, ఆ నెలల చందాలు దాని మీదే ఉన్నాయి.